వ్రాసినవాడి పూచీ

పదిమంది కాపురముండే ఇంట్లో ఎవరికి తోచిన గది వారు కట్టుకోవచ్చునంటే ఆ ఇల్లు నిలుస్తుందా? సర్వర్ల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు వెదికిన భాషలలో నాకు మిక్కిలి ఇష్టమైనది ‘మూ’.

దాని పూర్వకథ క్లుప్తంగా చెబుతాను. అనేకులు ఒకేసారి ప్రవేశించి, మాటలతోనే సంచరించే ‘మడ్’ అనే ఆటను 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా ప్రారంభించాడు. 1989లో జేమ్స్ ఆస్ప్నెస్ వ్రాసిన టైనీమడ్‌లో సామాన్య సభ్యులు సైతం గదులు కట్టుకోగలిగారు. కాని ఆ గదులకు కొత్త నడవడి నేర్పగల పూర్తిస్థాయి భాష వారికి లేదు. 1990లో స్టీఫెన్ వైట్ ఆ భాషతో మూను రూపొందించగా, జెరాక్స్ పార్క్ పరిశోధకుడు పావెల్ కర్టిస్ దానిని పెంచి లాంబ్డామూగా నిలబెట్టాడు.

ఇందులో సర్వరును ఆపకుండానే సభ్యులు తమ వస్తువులకు ప్రోగ్రాములు వ్రాయవచ్చును. వాటికి ‘క్రియలు’ అని పేరు. ముక్కూమొహం తెలియనివారు వ్రాసినదానిని నమ్మేదెలా? రక్షణను భాషలోనే పొదిగారు. క్రియ యంత్రపు మెమరీని నేరుగా ముట్టలేదు. తప్పు జరిగితే ఆ పని ఒక్కటే ఆగుతుంది. ప్రతి పనికీ కాలపరిమితి ఉన్నది: మామూలుగా 30,000 ‘టిక్కులు’ లేదా 5 సెకన్లు. అంతులేని లూపు వ్రాసినవాడు తన వంతునే పోగొట్టుకుంటాడు.

అన్నిటికన్న గొప్పది మూడవ కట్టుబాటు. మన కంప్యూటర్లలో ప్రోగ్రాము సాధారణంగా నడిపించేవాడి అధికారంతో నడుస్తుంది. అందుకే ఎవరో పంపిన ఫైలును తెరిస్తే మన సొత్తంతా దాని పాలవుతుంది. మూలో క్రియ తన యజమాని అధికారంతో, అనగా సాధారణంగా వ్రాసినవాడి అధికారంతో నడుస్తుంది. మీ బొమ్మను నేను ముట్టుకున్నంత మాత్రాన నా పెట్టె తాళంచెవి మీకు దక్కదు.

అయినను 1993లో ఒక సభ్యుడు ఇతరుల పాత్రలు తలవని నీచకృత్యాలు చేసినట్లు ఒక ప్రోగ్రాముతో అందరి తెరలపై చూపించాడు. ఆ పాత్రల వెనుకనున్న మనుషులు నిజంగానే గాయపడ్డారు. సర్వర్ లెక్కలో మాత్రం అవి కొన్ని వాక్యాలు, అంతే! తగవులు తీర్చడం ఇక నిర్వాహకుల పని కాదని 1992 డిసెంబరులో ప్రకటించిన కర్టిస్, ఈ ఘటన తరువాత సభ్యుల అర్జీలకూ ఓటింగుకూ ఏర్పాటు చేశాడు.

భాష ఓడిపోయిందని నేననను. సొత్తును కాపాడే పని అది చక్కగానే చేసింది. మానాన్ని కాపాడే పని మనుషులదేనని తేల్చి చెప్పింది కూడా. ఈ రెంటినీ ఒకటే అనుకోవడంలోనే ప్రమాదమున్నదని నా అభిప్రాయం. మీరేమంటారు?