పింజారి అన్న మాట వెనక

తెలుగులో ఎవర్నయినా చులకన చెయ్యాలంటే 'పింజారీ వెధవ' అంటారు. సినిమాల్లో అన్నారు, రచ్చబండ దగ్గర అన్నారు, బళ్ళో పంతుళ్ళూ అన్నారు. నూజెండ్ల చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన మాకు ఆ మాట ముందు తిట్టుగానే తెలిసింది. అది మా కులం పేరని తర్వాత తెలిసింది. గింజ తీసిన దూదిని విల్లుతో మీటి, పింజలు పింజలుగా విడదీసేవాడు పింజారి. పల్నాటి నల్లరేగడిలో పండిన పత్తి నూలు కావాలన్నా, పరుపు కావాలన్నా నడుమ మా తాతల చెయ్యి పడాల్సిందే.

సమాజాలు ఎలా మారతాయన్న ప్రశ్నకు పందొమ్మిదో శతాబ్దపు పండితులు ఒక నిచ్చెన చూపించారు. 1877లో అమెరికాలో మోర్గాన్ మానవజాతినంతా ఆటవికం, అనాగరికం, నాగరికం అని మెట్ల మీద నిలబెట్టాడు. తెల్లదొరలు మన కులాలను కొలిచిందీ ఇంచుమించు ఆ కళ్ళతోనే. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల్లో దూదేకులవాళ్ళూ ఉన్నారు. పెళ్ళిలో తాళి కడతారట, హిందువుల ఆచారాలు పాటిస్తారట, ఇస్లాం గురించి ఏమీ తెలియదట. అంటే ఒక మెట్టు దిగి, ఇంకో మెట్టెక్కలేక వేలాడే మనుషులమన్నమాట. దొర సంగతి సరే, మనవాళ్ళ మాటేమిటి? ఉర్దూ మాట్లాడే సాయిబుల్లో చాలామంది మాకు పిల్లనివ్వరు, 'కల్మా వచ్చా?' అని అడుగుతారు. హిందువులకు మేం తురకలమే. ఇల్లు అద్దెకడిగినప్పుడు వాళ్ళకా సంగతి బాగా గుర్తొస్తుంది.

ఆ నిచ్చెనను ఫ్రాంజ్ బోయాస్ 1896లోనే ప్రశ్నించాడు. ఏ సమాజం చరిత్ర దానిదేనన్నాడు. 1993లో రిచర్డ్ ఈటన్ బెంగాల్ మీద రాసిన పుస్తకం మాకింకా దగ్గరిది. అక్కడ ఇస్లాం కత్తిమొన మీద రాలేదని, అడవి కొట్టి వరి పండించుకున్న రైతుల బతుకుల్లోకి తరాల తరబడి ఇంకిందని ఆయన చూపించాడు. బెంగాల్ కథ పల్నాడుకు అచ్చంగా అతకదు. కానీ మతం మారడమంటే చొక్కా మార్చుకున్నంత పని కాదని మా ఇళ్ళు చూసినా తెలుస్తుంది. మస్తానయ్య, మీరయ్య, సైదమ్మ, హుసేనమ్మ. ఈ పేర్లకు వేళ్ళు అరబ్బీలో, పారశీలో ఉన్నాయి, కొమ్మలు తెలుగువి. పీర్లకు మొక్కుకుని బిడ్డల్ని కన్న హిందువుల ఇళ్ళలోనూ ఇవే పేర్లు. మొహర్రంలో గుండం తొక్కేవాళ్ళది ఏ మతమని అడిగితే ఊరు నవ్వుతుంది. ఇది సగంలో ఆగిపోయిన ఇల్లు కాదు, మా పెద్దలు కట్టుకుని కాపురమున్న ఇల్లు.

అదీ మారుతోంది. దూదేకే యంత్రాలొచ్చాక విల్లు అటకెక్కింది. పిల్లలు అరబ్బీ నేర్చుకుంటున్నారు. పీర్లను ఎత్తడం తప్పని మా ఇళ్ళలోనే కొందరంటున్నారు. ఇప్పటికి అసలైన ముస్లింలయ్యారని ఒకరు మెచ్చుకుంటే, మన సంస్కృతి పోగొట్టుకున్నారని ఇంకొకరు వాపోతున్నారు. ఇద్దరి చేతిలోనూ మోర్గాన్ నిచ్చెనే ఉంది. ఒకరు పైకెక్కామంటారు, మరొకరు జారిపడ్డామంటారు. పీర్లచావిడికి వెళ్ళే తల్లీ, మసీదుకు వెళ్ళే కొడుకూ మాత్రం ఒకే కంచంలో తింటూ రోజూ ఈ తగువు పడుతూనే ఉన్నారు.

సర్కారు జాబితాలో బీసీ-బి కింద మాకు నాలుగు పేర్లున్నాయి: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. కాలేజీ దరఖాస్తులో మా పిల్లలు ఎక్కువగా నూర్‌బాషా అని రాస్తారు. ఎందుకో వేరే చెప్పాలా? ఇదే గుంటూరు గడ్డ మీద, పొన్నెకల్లులో 1920లో ఒక దూదేకులింట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ చెప్పి జనాన్ని ఊపేశాడు. పల్నాటి యుద్ధం కథ ఆయన నోట విని మీసం మెలేసిన పెద్దకులాలవాళ్ళు ఎంతమందో. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'.