అడవి నాభి

అడవి నాభి (శాస్త్రీయ నామం: గ్లోరియోసా సుపర్బా) కొల్చికేసీ కుటుంబానికి చెందిన తీగ మొక్క. సంస్కృతంలో దీనిని లాంగలి, అగ్నిశిఖ అంటారు. లిన్నేయస్ 1753లో దీనికి శాస్త్రీయ నామమిచ్చాడు. ఇది తమిళనాడు రాష్ట్ర పుష్పం. హిమాలయాలలో పెరిగే వత్సనాభి వేరొక మొక్క.

ఉనికి

ఆకురాల్చే అడవులలోను, పొదలలోను, కంచెల వెంబడి పెరుగుతుంది. తెలంగాణలో మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల అడవులు, జనగామ ప్రాంతపు పొదలు ఇటువంటి చోట్లే. తొలకరికి మొలిచి, వానాకాలంలో పూస్తుంది. ఆపై తీగ ఎండిపోగా, దుంప నేలలో నిద్రాణంగా ఉంటుంది.

గుర్తింపు

* ఆకు కొన నులితీగలా మారి ఆధారాన్ని చుట్టుకుంటుంది.
* పువ్వుకు అలల అంచులు గల ఆరు దళాలుంటాయి; అవి వెనుకకు మడిచి పైకి నిలుస్తాయి. క్రింద పసుపు, పైన ఎరుపు రంగు.
* కీలం మొదట్లోనే ప్రక్కకు వంగి ఉంటుంది.
* దుంప నాగలి ఆకారంలో ఉంటుంది. లాంగలి అనే పేరుకు లాంగలం, అనగా నాగలి, మూలం.

పెంపకం

వానలు మొదలైనపుడు, నీరు నిలువని నేలలో దుంపలు నాటి, ప్రాకుటకు ఆధారమివ్వాలి. మొలక దుంప కొన నుండే వస్తుంది. కొన విరిగితే మొలవదు. విత్తనాల నుండి పెంచితే పూయడానికి కొన్నేళ్ళు పడుతుంది. తమిళనాడులో విత్తనాల కొరకు పొలాలలో సాగు చేస్తారు.

విషగుణం

మొక్క అంతటా, ముఖ్యంగా దుంపలోను విత్తనాలలోను, కొల్చిసిన్ అనే విషం ఉంది. ఇదే పదార్థాన్ని గౌట్ వ్యాధికి మితమైన మోతాదులో ఔషధంగా వాడతారు. చిలగడదుంప (తెలంగాణలో కందగడ్డ) అని భ్రమించి ఈ దుంప తిన్నవారు మరణించిన సందర్భాలున్నాయి. వాంతులు, విరేచనాలు కొన్ని గంటల తరువాత గాని మొదలు కావు. కావున లక్షణాలకై వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పూత లేనపుడు, గుర్తు తెలియని అడవి దుంపను తినరాదు.