మూత తీసిన సీసా

ద్రాక్షాసవమును చేయుట మానవుడు వేల యేండ్ల క్రిందటనే నేర్చెను; నిలువ చేయుట నేర్చుటకు మాత్రము చాల కాలము పట్టినది. బిరడా తీసి, సగము త్రాగి విడిచిన వైను మూడు నాలుగు దినములలో పరిమళము కోల్పోవును. మరి కొన్నాళ్లకు పులిసి సిర్కా యగును. ఆ మిగిలినదానిని కాపాడుట యెట్లు? ప్రశ్న చిన్నదే. కాని వైను చెడుటకు కారణము తెలిసికొనుటపై ఒకప్పుడు ఒక దేశపు రైతుల బ్రతుకుతెరువే ఆధారపడినది.

పూర్వము రోమకులు వైనును ఆంఫొరా లనబడు రెండు చెవుల మట్టికూజాలలో పోసి, మూతిని బెండుతో మూసి, పైని కీలు పూసెడివారు. జర్మనీలో స్పయర్ పట్టణ సమీపమున 1867లో ఒక రోమక సమాధిని త్రవ్వినప్పుడు గాజుసీసా యొకటి దొరకినది. అది క్రీ. శ. 4వ శతాబ్ది నాటిది. అందలి ద్రవము నేటికిని ఎండిపోలేదు! వైనుపై మందముగా పోసిన ఓలివు నూనెయు, మూతికి పెట్టిన మైనమును గాలిని అడ్డగించుటయే యిందులకు కారణము. ఇటలీలోని టస్కనీ సీమవారు గూడ సీసాల కంఠమున కొంచెము ఓలివు నూనె పోసి, త్రాగబోవునప్పుడు దానిని తీసివేసెడివారు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలియుండవలెనని మన పెద్దలు చెప్పుటలోని మర్మమును ఇదియే.

17వ శతాబ్దిలో ఇంగ్లండున బొగ్గుకొలుములలో గట్టి సీసాలు తయారయినవి. వానికి బెండు బిరడాలు తోడుపడగా, వైను ఏండ్ల తరబడి నిలుచుట సాధ్యమయినది. పీపాలలో నిలువ చేయువారు, ఆవిరియై తగ్గినంత మేర మరల వైను పోసి నింపుచుండిరి. గాలి శత్రువని వీరందరికిని అనుభవమువలన తెలియును. ఏల శత్రువో తెలియదు.

1860లో ఫ్రాన్సు, ఇంగ్లండుల నడుమ వర్తకపు ఒడంబడిక జరిగి, ఫ్రెంచి వైనుపై ఇంగ్లండులో సుంకము తగ్గెను. కాని సముద్రము దాటిన సరకు తరచుగా చెడిపోవుచుండెను. 1863లో చక్రవర్తి మూడవ నెపోలియను ఈ తెగులు సంగతి విచారింపుమని లూయీ పాశ్చరును కోరెను. పాశ్చరు తాను పెరిగిన ఆర్బ్వా పట్టణమునకు పోయి, చెడిన వైనును సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఒక్కొక్క తెగులునకు ఒక్కొక్క విధమైన సూక్ష్మజీవి కనబడెను. వైనును 50, 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసినచో ఆ జీవులు నశించునని ఆయన నిరూపించెను. 500 లీటర్ల వైనులో సగము వేడిచేసి, సగము అట్లే యుంచి, జాన్ బార్ అను నౌకలో పంపిరి. పది నెలల పిమ్మట వేడిచేసినది తేటగా నుండెను. వేడిచేయనిది పులుపు పట్టుచుండెను.

మన ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పినది ఆయన చేసిన మరియొక ప్రయోగము. కొన్ని గాజుగొట్టములను వైనుతో అంచుదాక నింపి, కొన్నింటిని సగమే నింపి, అన్నింటిని గాలి చొరకుండ మూసెను. నిండు గొట్టములలోని వైను మారలేదు. సగము నింపిన వానిలోనిది రంగు మారి, మడ్డి పట్టి, రుచి చెడెను. అనగా మిగిలిన వైనునకు శత్రువులు ఇద్దరు. గాలిలోని ఆమ్లజని రంగును, పరిమళమును హరించును. గాలి తగిలిననే వృద్ధిపొందు సూక్ష్మజీవి మద్యసారమును సిర్కాగా మార్చును. ఇద్దరికిని ఆశ్రయము సీసాలోని ఖాళీయే.

నేటి ఉపాయములన్నియు ఈ సత్యమును అనుసరించినవే. మిగిలిన వైనును చిన్న సీసాలోనికి అంచుదాక పోసి బిరడా బిగించినచో గాలికి చోటుండదు. రిఫ్రిజిరేటరులో ఉంచినచో మార్పు మందగించునే గాని ఆగదు. 1894లో రేలీ, రామ్సేలు కనుగొనిన ఆర్గాన్ వాయువు గాలికంటె బరువైనది. వైనుతో ఏ మార్పును కలిగింపదు. 2013నుండి బిరడా తీయకయే సన్నని సూది గ్రుచ్చి వైను తీసికొని, ఆ ఖాళీని ఆర్గానుతో నింపు పరికరము వాడుకలోనికి వచ్చినది. నాడు రోమకుల నూనె చేసిన పనినే నేడు ఈ వాయువు చేయుచున్నది.

పాశ్చరు వైనునకై కనిపెట్టిన వేడిచేయు పద్ధతిని తరువాతివారు పాలకు వర్తింపజేసిరి. ఆయన పేరనే పిలువబడు ఆ పద్ధతివలన ఎందరో పసిబిడ్డలు పాలద్వారా వచ్చు క్షయవంటి రోగములనుండి తప్పించుకొనిరి. పులిసిన పానీయమును గూర్చి ద్రాక్షరైతులు పెట్టిన మొర, వైను నెరుగని యిండ్లలోని పసివారికి గూడ రక్షణ యయ్యెను.