ఓడ నెంబరు వెనకాల ఊరు

మారిషస్‌లో మోకా అనే పట్టణం ఉంది. అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భారతీయ వలస కూలీల రిజిస్టర్లను భద్రపరిచారు. ముత్తాత ఎక్కడివాడో తెలుసుకోవాలని వచ్చే మనుమలకు అక్కడ పేరు కంటే ముందు పనికొచ్చేది ఒక నెంబరు. ఓడ దిగిన ప్రతి కూలీకీ ఒక నెంబరు ఇచ్చారు. జీతం పుస్తకంలో, పెళ్లి పత్రంలో, పిల్లల జనన పత్రంలో, చివరకు మరణ పత్రంలో కూడా ఆ మనిషి వెంట నడిచింది ఆ నెంబరే. పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉండొచ్చు. నెంబరు మాత్రం మారదు.

ఇలా వెతికేవాళ్లలో చాలామంది మొదట అడిగేది జనన ధ్రువపత్రం. శ్రీకాకుళం, విజయనగరం వైపు మునిసిపల్ కార్యాలయాలకు ఉత్తరాలు రాస్తారు, తెలిసినవాళ్లను పంపిస్తారు. "అంత పాతవి లేవండి" అన్న జవాబు విని, కాగితం ఎక్కడో పోయిందనుకుంటారు. నిజానికి అక్కడ పోయిందేమీ లేదు. ఆ కాగితం ఎవరూ రాయనేలేదు.

మారిషస్‌కు కూలీల ఓడలు 1834లో మొదలయ్యాయి. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల వరకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు అక్కడ దిగారు. జోరుగా సాగిన కాలం 1840ల నుంచి 1860ల దాకా. అంటే ఆ ఓడలెక్కిన పాతికేళ్ల యువకులు 1815 నుంచి 1845 లోపు పుట్టినవాళ్లు. మన పల్లెల్లో పుట్టుకను రాసిపెట్టే చట్టమే అప్పటికి లేదు. 1886లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చినా, నమోదు చేయించుకోవడం ఇష్టమైనవాళ్ల పని. మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రత్యేక చట్టం 1899లో వచ్చింది. దేశమంతటా ఒకే పద్ధతి పెట్టింది 1969 చట్టం. కరణాలు రాసిన పాత జనన రిజిస్టరు దొరికినా అందులో బిడ్డ పేరు చాలాసార్లు ఉండదు. తండ్రి పేరు రాసి, మగశిశువు అనో ఆడశిశువు అనో రాసి ఊరుకునేవారు. పేరు పెట్టేది తర్వాత కదా!

ఊళ్లో పుట్టిన తేదీ ఎవరికీ అక్కర్లేదని కాదు. దాన్ని గుర్తుపెట్టుకునే తీరు వేరు. ధాత కరువులో పుట్టినవాడు, బందరు ఉప్పెన ఏడాది పుట్టింది అని చెప్పుకునేవారు. ధాత అంటే 1876-77. దక్షిణాదిని తుడిచిపెట్టిన మహా కరువు ఆ ఏడాదే మొదలైంది. బందరు ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది, సుమారు 30 వేల మంది పోయారు. అలాంటి మాట ఒక్కటి ఇంట్లో మిగిలితే, ఏ రిజిస్టరూ లేకపోయినా పుట్టిన ఏడు తేలిపోతుంది. తాటాకు మీదో, పాత కాగితం మీదో జాతకం ఉన్న ఇళ్లలో సంవత్సరం పేరు, మాసం, తిథి, నక్షత్రం అన్నీ ఉంటాయి. అయితే జాగ్రత్తగా చూడాలి. సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. నందన అని ఉంటే అది గుంటూరు సీమను ఖాళీ చేసిన కరువునాటి 1832 కావచ్చు, 1892 కావచ్చు. ఏ నందనో తేల్చాలంటే కొడుకుల వయసులు, భూమి కాగితాలు పక్కన పెట్టుకోవాలి.

నిజాం ఇలాకాలో ఇంకో చిక్కుంది. పట్వారీ కాగితాల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. దానికి సుమారు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. నెలలు కూడా ఆజూర్, దై, బహమన్ అని నడుస్తాయి. ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషి తోడు లేకుండా ఆ కట్టలు విప్పి లాభం లేదు.

మరి ఓడెక్కినవాడి పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడున్నాయి? వెళ్లిపోయేటప్పుడు రాసిన కాగితంలో. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను మోసుకెళ్లిన మొదటి ఓడ పేరు ట్రూరో. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. 1911లో ఆ వలస ఆగేసరికి నేటాల్ చేరినవాళ్లు 1,52,000 పైమాట, వాళ్లలో చాలా ఎక్కువ మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా దాదాపు 61 వేల మంది వెళ్లారు. మద్రాసు నుంచి అక్కడికి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఫిజీ వెళ్లిన ప్రతి కూలీ పేరనా ఒక వలస పాసు ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు అందులో రాశారు. నేటాల్ ఓడల జాబితాలలోనూ దాదాపు ఇవే గళ్లు. కుడి చేతి మీద మచ్చ, నుదుట గాటు, మోచేతి మీద పచ్చబొట్టు... సొంత బంధువులు కూడా రాసిపెట్టుకోని వివరాలను, ఓడెక్కే ముందు కూలీలను ఉంచిన డిపోలోని గుమాస్తా రాశాడు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన గుర్తులవి. నూట యాభై ఏళ్ల తర్వాత అవే మనుమల చేతికి తాత రూపాన్ని అందిస్తున్నాయి. మారిషస్‌లో 1860ల నుంచి కూలీల ఫొటోలు కూడా తీశారు. ఎన్నో కుటుంబాలకు తమ పెద్దల ముఖం తెలిసింది ఆ ఫొటోలవల్లే.

వయసును మాత్రం నమ్మకూడదు. 20, 25, 30 అని గుండుగుత్తగా వేశారు. మనిషిని చూసి గుమాస్తా అనుకున్న అంకె అది. పాసులోని వయసును బట్టి పుట్టిన ఏడు లెక్కగట్టినవాళ్లు అటో అయిదేళ్లు, ఇటో అయిదేళ్లు వదిలిపెట్టుకోవాలి.

అసలు కష్టం పేర్లతో వస్తుంది. తెలుగువాడు ఊరు వెళ్లి ఫలానావారి మనుమణ్ని అంటే మొదట వినిపించే ప్రశ్న "ఇంటిపేరేమిటి?" అని. పాసులో ఇంటిపేరుకు గడి లేదు. కూలీ పేరు, తండ్రి పేరు రాశారు. సముద్రం దాటాక ఆ తండ్రి పేరో, కులం పేరో, మొదటి కూలీ పేరో వంశానికి ఇంటిపేరై కూర్చుంది. డర్బన్‌లో నాయుడు, రెడ్డి ఇంటిపేర్లుగా నడుస్తున్నది ఇందుకే. అలాగని దారి మూసుకుపోలేదు. రాత తప్పుల కింద అసలు పేరును పట్టుకోగలిగితే, ఆ పేరే ఊరి దిక్కు చూపిస్తుంది. అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాద్రి అన్నవి సింహాచలం అప్పన్న పేర్లు. పైడయ్య, పైడమ్మ విజయనగరం పైడితల్లి పేర్లు. నూకరాజు, నూకమ్మ అనకాపల్లి నూకాలమ్మ పేర్లు. మారిషస్ రికార్డుల్లో ఇంగ్లీషు, ఫ్రెంచి చెవులకు వినిపించినట్టు రాసిన ఈ పేర్లను ఉత్తరాంధ్ర మనిషి ఒక్కసారి పైకి చదివితే చాలు, ఇట్టే గుర్తుపడతాడు. ఈ పని తెలుగు తెలిసిన చెవి మాత్రమే చేయగలదు.

ఊరి పేర్లదీ ఇదే కథ. చికాకోల్ అంటే శ్రీకాకుళం, కొకనాడ అంటే కాకినాడ, బిమ్లిపటం అంటే భీమునిపట్నం. జిల్లా గంజాం అని ఉంటే నేటి ఒడిశాలో మాత్రమే వెతకకూడదు, ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ఊళ్లు కొన్ని అప్పుడు అందులోవే. విశాఖపట్నం జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం ఏర్పడింది, 2022లో మళ్లీ గీతలు మారాయి. ఉత్తర ఆర్కాటు అని ఉన్నవాళ్లలో చిత్తూరువాళ్లూ ఉన్నారు, చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అందుకని జిల్లా పేరు దగ్గర ఆగకుండా తాలూకా చూడాలి, తాలూకా నుంచి ఊరికి రావాలి. ఇక మారిషస్‌లో తెలుగువాళ్లను కొరింగీలని పిలిచిన మాట చూసి అందరూ కోరంగివాళ్లే అనుకోవడం పొరపాటు. గోదావరి పాయ పక్కనున్న ఆ పాత రేవు పేరే తెలుగువాళ్లందరికీ అంటుకుంది.

బర్మా వెళ్లినవాళ్ల వారసులకు ఈ పాటి ఆధారం కూడా లేదు. మేస్త్రీల చేతుల మీదుగా కాకినాడ, విశాఖ రేవుల్లో ఎక్కి రంగూన్ మిల్లులకు, రేవులకు వెళ్లిన లక్షల మందికి ఫిజీ పాసులాంటిది ఎవరూ రాయలేదు. 1942లో జపాన్ బాంబుల కింద నడిచి తిరిగి వచ్చినప్పుడు చాలామంది చేతిలో గుడ్డల మూట తప్ప కాగితం లేదు.

ఊరి పేరు చిక్కాక ఇక్కడ చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కుటుంబానికి ఈనాం భూమి ఉంటే 1860ల నాటి ఈనాం ఫెయిర్ రిజిస్టరు చూడాలి. అనుభవదారు పేరుతోపాటు వయసు కూడా అందులో ఉంటుంది. కిరస్తానీ కుటుంబమైతే మిషన్ల బాప్తిస్మం రిజిస్టర్లున్నాయి, లండన్ మిషన్ విశాఖలో 1805లోనే అడుగుపెట్టింది. కాగితంలోకి ఎక్కని వంశాలను నోటితో మోసినవాళ్లూ ఉన్నారు. పిచ్చకుంట్లవాళ్లు రైతు కులాల ఇళ్ల ముందు నిలబడి గోత్రాలు, ఇంటిపేర్లు వల్లించేవారు. సాధనాశూరులు పద్మశాలీల వంశాలు చెప్పేవారు. దక్కలివాళ్లు మాదిగల కథ చెప్పేవారు. ఏ ఆర్కైవూ పట్టించుకోని ఈ మనుషుల దగ్గరికి వెళ్లి రికార్డు చేసుకోవడం ఇప్పుడే జరగాలి. చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

ఈ వెతుకులాట మనసు కోసం మాత్రమే కాదు. మారిషస్‌లోని భారత సంతతిలో ఏడో తరంవాళ్లు కూడా, విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు అర్హులేనని 2024 మార్చిలో భారత రాష్ట్రపతి అక్కడి పర్యటనలో ప్రకటించారు. ఆ కార్డుకు పూర్వీకుడు భారతదేశం నుంచి వచ్చాడని రుజువు కావాలి. జనన పత్రం లేని కూలీకి ఆ రుజువు ఇచ్చేది వలస రిజిస్టరులోని ఒక పంక్తి.

అటువైపు కాగితం భద్రంగానే ఉంది. పోర్ట్ లూయీలో కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లను కూడా కాపాడుకున్నారు, 2006లో ఆ అప్రవాసీ ఘాట్ ప్రపంచ వారసత్వ స్థలమైంది. తెగిపోతున్నది ఇటు కొస. 1984లో కరణం పదవులు రద్దయ్యాక ఎన్నో ఊళ్ల పాత లెక్కలు ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. చెదలు తిన్నవి తినగా, పాత కాగితాల వాడికి తూకానికి పోయినవి పోగా, ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మీ ఇంట అలాంటి కట్ట ఉంటే పారేయకండి. ఎండలో ఆరబెట్టకుండా, నీడన దులిపి, ఒక్కో పుట ఫొటో తీసి ఉంచండి. ఊరి పేరు చెప్పుకుని ఎవరైనా మారిషస్ నుంచో డర్బన్ నుంచో మీ వీధిలోకి వస్తే, ఇంటిపేరు తెలియదన్నాడని పంపేయకుండా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, అతని కాగితంలోని పేర్లు మీ నోటితో ఒక్కసారి పైకి చదవండి.