నుడికారంలో నిలిచిన చరిత్ర

ఇటీవల తరగతిలో "పుట్టి మునిగింది" అన్న జాతీయం వచ్చింది. పుట్టి అంటే ఏమిటని అడిగాను. ధాన్యం కొలత అన్నాడొక రైతుబిడ్డ. ఆ అర్థమూ వున్నది. కాని మునిగేది ఆ పుట్టి కాదు. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రని పడవ అది. నడి ఏట్లో అది మునిగితే ప్రాణాలే పోతాయి. గట్టు చేరినవాడు బతికినవాడు. కనుకనే కష్టం తీరినవాణ్ణి "గట్టెక్కాడు" అంటున్నాం.

యీ మాటలు తెలుగునాడంతటా వున్నవే. అయితే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలే జీవనాధారమైన గోదావరి డెల్టాలో, ఒకరి కూడు చెరపడాన్ని "గండి కొట్టడం" అంటే ఎవరికీ వ్యాఖ్యానం అక్కరలేదు.

"తిలోదకాలు ఇవ్వడం" కూడా నీటి మాటే. కాని అది పితృకార్యం నుంచి, సంస్కృత సమాసంగా వచ్చింది. పుట్టి పడవవాడిది, గండి రైతుకూలీది. జాతీయం వెనుక ఏ వర్గం అనుభవం వున్నదో చూడకుండా అర్థం మాత్రం చెప్పడం సగం చదువే.

హీబ్రూ చరిత్ర ఇందుకు ఎదురు దిక్కున నడిచింది. శతాబ్దాలపాటు ప్రధానంగా ప్రార్థనలకూ గ్రంథాలకూ పరిమితమైన ఆ భాషను, 1881లో జెరూసలేము చేరిన ఎలియెజర్ బెన్ యెహూదా ప్రభృతులు ఇంటి భాషగా చేయ పూనుకున్నారు. నేడు అక్కడ ఉత్త కట్టుకథను "ఎలుగుబంట్లూ లేవు, అడవీ లేదు" అంటారు. ఎలీషా ప్రవక్త కథపై తల్మూదులోని చర్చ నుంచి వచ్చిన పలుకుబడి అది. అయినా గ్రంథంతోనే జనానికి సరిపోలేదు: బాధ్యత తప్పించుకొనేవాణ్ణి "చిన్న తల" అనడం వ్యవహారంలో పుట్టినదే.

అక్కడ గ్రంథం వీధిలోకి వచ్చింది. ఇక్కడ వీధి గ్రంథంలోకి రావడానికి పోరాడవలసి వచ్చింది. గిడుగు రామమూర్తి ఆ పోరాటం నడిపాడు. చిరకాలం గ్రాంథికంలో రాసిన వీరేశలింగం సైతం, మరణించిన 1919లోనే, రాజమహేంద్రవరంలో వ్యావహారిక భాష కోసం ఏర్పడిన సమాజానికి అధ్యక్షుడైనాడు.

వాడుకభాష గెలిచింది. కాని ఆ భాషను కన్న పనులు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. పడవ నడిపినవారు, చేతులతో నాట్లు వేసినవారు మన వూళ్లలో ఇంకా వున్నారు. వారు వుండగానే వారి మాటలు రాసుకోవడం తెలుగు చదివిన మనందరి బాధ్యత.