ఆకాశయానము – ఆప్తవాక్యము



హెలికాప్టరను ఆకాశయంత్రము మన తెలుగునాట రెండు మహాశోకములకు కారణమైనది. ఆ శోకములను మరల రేపుట నా యుద్దేశము గాదు. యంత్రమున లోపము పుట్టినప్పుడును, దానిని బాగుచేసితిమని చెప్పినప్పుడును, "భయము లేదు, ఎక్కుడు" అను మాట ఎట్టిదైనచో నమ్మదగునో ఇటీవలి చరిత్రనుండి విచారించుటయే నేటి ప్రసంగవిషయము.

నేను హైదరాబాదున అమీరుపేటకును పంజాగుట్టకును నడుమ కాపురముండువాడను. ఈ రెండు పేటలకును చేరువనే బేగంపేట విమానాశ్రయము కలదు. 2008వ సంవత్సరము మార్చినెలలో శంషాబాదున క్రొత్త విమానాశ్రయము తెఱవబడగా, ప్రజలు ప్రయాణించు విమానము లచ్చటికి తరలిపోయెను. ప్రభుత్వమువారి యానములు మాత్రము బేగంపేటనుండి సాగుచు వచ్చెను. మా మేడలమీదుగా హెలికాప్టరు పోవునప్పుడు పిల్లలు చేతులూపుదురు. పెద్దలు 2009వ సంవత్సరమును తలచుకొందురు.

మొదట ఈ యంత్రముయొక్క తీరు తెలిసికొనవలెను. విమానమునకు ఱెక్కలు కదలవు. హెలికాప్టరునకు ఱెక్కలే నెత్తిమీద గిరగిర తిరుగుచు దానిని పైకెత్తును. ఇంజను మిక్కిలి వేగముగా తిరుగును; ఱెక్కలు అంత వేగమున తిరుగరాదు. అందుచేత రెంటికిని నడుమ పళ్లచక్రముల పెట్టె యొకటి యుండును. దానినే గేరుబాక్సందురు. ఇంజను ఆగిపోయినను, క్రిందినుండి వీచు గాలిచేతనే ఱెక్కలు తిరుగునట్లు చేసి, నేర్పరియగు చోదకుడు యంత్రమును నేలకు దింపగలడు. కాని గేరుబాక్సు పగిలి ఱెక్కలే యూడినచో ఏ నేర్పును పనికిరాదు. ఎడ్లు అలసినచో బండి నిలుచును; ఇరుసు విఱిగినచో బండి కూలును. ఇరుసునకు కందెన యెట్టిదో గేరుబాక్సునకు నూనె యట్టిది.

మన శోకములలో మొదటిది 2002 మార్చి 3వ తేదీనాటిది. లోకసభాధ్యక్షులు జి. ఎం. సి. బాలయోగిగారు భీమవరమునుండి బయలుదేరిన హెలికాప్టరు కైకలూరు చెంత కూలగా వారు పరమపదించిరి.

రెండవది 2009 సెప్టెంబరు 2వ తేదీనాటిది. ఆ యుదయము 8 గంటల 38 నిమిషములకు ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు బెల్ 430 అను రెండింజనుల హెలికాప్టరులో బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. రచ్చబండ యను కార్యక్రమమును గ్రామమున ప్రారంభించుట వారి సంకల్పము. త్రోవలో నల్లమలమీద కారుమబ్బులు క్రమ్మియుండెను. తొమ్మిదిన్నర కాకమునుపే సంబంధము తెగిపోయెను. మఱునాటి ఉదయము పావురాలగుట్టపై యంత్రశకలములు కనబడెను. ముఖ్యమంత్రితోగూడ అందున్న యైదుగురును మరణించియుండిరి. పంజాగుట్ట కూడలియందు వారి విగ్రహమును తరువాత నెలకొల్పిరి.

ప్రమాదమైన తొలి దినములలో ఆ హెలికాప్టరుయొక్క యోగ్యతాపత్రము గడువు తీరినదని పత్రికలలో సందేహములు పుట్టెను. పత్రము చెల్లుబాటులోనే యున్నదని అధికారులు సమాధానము చెప్పిరి. ఆర్. కె. త్యాగిగారి యాధ్వర్యమున నియమింపబడిన విచారణసంఘము మాటలను నమోదుచేయు పెట్టెను విప్పి పరిశీలించినప్పుడు వేఱొక సంగతి బయటపడెను. గేరుబాక్సునకు సంబంధించిన నూనె వ్యవస్థలు రెంటిలో ఒకదానియందు ఒత్తిడి లోపమున్నదని హెచ్చరిక వెలిగినది. అట్టివేళ చేయవలసిన పనుల జాబితాను వెదకుటలో చోదకులకు విలువైన నిమిషములు గడచిపోయినవి. ఆ లోపమే యంత్రమును కూల్చలేదు. మేఘమధ్యమున క్రిందికి త్రోయు ప్రచండవాయువులో చిక్కి యంత్రము వశము తప్పినదని సంఘమువారు నిర్ణయించిరి. కాగితము సరియైనదే. ఆ కాగితము ఆనాటి మేఘమునుగూర్చి గాని, ఆ హెచ్చరిక వెలుగునుగూర్చి గాని యేమియు చెప్పలేదు. చెప్పజాలదు కూడ.

ఇక బాగుచేతను గూర్చి విచారింతము. ఇందుకు మనదేశము దాటి పోవలెను. ఉత్తరసముద్రమున నూనెబావులలో పనిచేయువారు హెలికాప్టర్లలోనే రాకపోకలు చేయుదురు. అదే 2009వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన స్కాట్లండు తీరమున సూపర్ ప్యూమా జాతి హెలికాప్టరు కూలి పదునాఱుగురు మరణించిరి. గేరుబాక్సులోని పళ్లచక్ర మొకటి పగిలి ఱెక్కలు విడిపోయెను. దానికి వారము ముందే, లోహపు రజనును పట్టు అయస్కాంతముపై ఒక చిన్న పలుకు దొరికినది. నడపువారికిని, నిర్మించినవారికిని నడుమ ఉత్తరప్రత్యుత్తరములలో అపార్థము కలిగి, తెఱచి చూడవలసిన భాగమును తెఱవక మఱి ముప్పదియాఱు గంటలు నడపిరి.

ఏడేండ్లకు, 2016 ఏప్రిలు 29వ తేదీన, నార్వే తీరమున అదే వంశమునకు చెందిన మఱియొక హెలికాప్టరు ఱెక్కలు గాలిలోనే యూడి పదుమువ్వురు మరణించిరి. ఇచ్చటను పళ్లచక్రమే పగిలెను. ఆ గేరుబాక్సు పూర్వము లారీలో తరలుచుండగా రహదారిపై ప్రమాదమునకు గుఱియైనది. పిమ్మట నిర్మాతలే పరీక్షించి, మరమ్మతు చేసి, మరల వాడుకకు పంపిరి. ఆ రహదారి ప్రమాదమే పగులునకు కారణమని విచారణలో ఋజువు కాలేదు. పగులు లోహపు లోపలి భాగమున నడచుటచే చాలినంత రజను రాలక, అయస్కాంతమునకు దొరకలేదనియు, నాటి పరీక్షావిధానము దానిని కనిపెట్టజాలదనియు 2018లో వెలువడిన నివేదిక తెలిపెను. అనగా "పరీక్షించితిమి" అను మాట సత్యమే. ఆ పరీక్ష చూడగలిగినంత మేరకే సత్యము.

తరువాత అధికారులు మార్పులు చేయించి, 2017 నాటికి ఆ దేశములలోను నిషేధమును తొలగించిరి. కాని పనివారిలో పెక్కుమంది దానిని మరల ఎక్కుటకు ఒప్పరైరి. ఆ సముద్రముపై నూనెబావుల ప్రయాణములకు ఆ జాతి తిరిగి రాలేదు. వారిని పిఱికివారనుట తగదు. వారు రెండుమాఱులు అభయము విన్నవారు.

తర్కశాస్త్రమున ఆప్తవాక్యమును ప్రమాణముగా గ్రహింతురు. ఆప్తుడన చుట్టము కాడు, పెద్ద యుద్యోగియు కాడు. వస్తువును ఉన్నదున్నట్లు తెలిసికొని, తెలిసినదానిని దాచక చెప్పగోరువాడే ఆప్తుడు. ఈ లక్షణమును హెలికాప్టరునకు అన్వయింపుడు. లోపము ఫలానా చోట నున్నది, ఇంతవఱకు తెఱచి చూచితిమి, ఇంతకు మించి మా సాధనములకు కనబడదు, ఇన్ని గంటలకు మరల చూతుము అని చెప్పువాని మాట ఆప్తవాక్యము. "అంతయు బాగుగనే యున్నది" అని మాత్రము చెప్పువాడు సజ్జనుడే కావచ్చును. వాని మాట ప్రమాణము కాదు.

మన గ్రామములలో ఆకాశయంత్రములు లేకపోవచ్చును. రేవుపడవ కలదు, పిల్లలను బడికి గొనిపోవు బస్సు కలదు. బండివాడు ప్రయాణమునకు ముందు కడచీలను చేతితో కదలించి చూచునుగాని, నిన్న చూచితినని ఊరకుండడు. మీరును పెద్దలుగా అడుగుడు: ఎవరు చూచిరి? ఏమి విప్పి చూచిరి? మరల ఎప్పుడు చూతురు? అడిగినవానిని చూచి నవ్వువారుందురు, నవ్వనిండు. సమాధానము వచ్చిన పిమ్మటనే పిల్లలను ఎక్కింపుడు.