విశాఖ తీరంలో విహార నౌకల మజిలీ

తూర్పు తీరంలో కొండలకు, కడలికి నడుమ విస్తరించిన విశాఖపట్నం విహార నౌకలకు మజిలీగా రూపుదిద్దుకుంటున్నది. నౌకలో వచ్చే పర్యాటకులు నగరంలో గడిపేది సాధారణంగా ఒక్క పగలు మాత్రమే. ఆ కొద్ది గంటలు సద్వినియోగమైతేనే వారికి తృప్తి, స్థానికులకు ఉపాధి లభిస్తాయి.

రేవు చరిత్ర

డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున నిర్మించిన ఓడరేవులోకి సింధియా సంస్థకు చెందిన జలదుర్గ నౌక 1933 అక్టోబరు 7న ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. అంతకు పూర్వమే విశాఖ, భీమునిపట్నం, కాకినాడ తీరాల నుంచి వేలాది తెలుగు శ్రామికులు ఓడలెక్కి బతుకుతెరువు కోసం రంగూన్ తరలివెళ్లేవారు. నాడు కూలికై జనం ఊరు విడిచిన తీరమే నేడు అతిథులకు స్వాగతం పలుకుతున్నది.

2022 జూన్‌లో చెన్నై నుంచి కోర్డీలియా ఎంప్రెస్ విహార నౌక విశాఖకు వచ్చింది. సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న కేంద్ర నౌకాయాన శాఖ మంత్రి శర్బానంద సోనోవాల్ ప్రారంభించారు.

పాత నగరం

పర్యాటకులు మొదట చూడదగినది రేవును ఆనుకొని ఉన్న పాత నగరం. బురుజుపేటలో కొలువైన శ్రీ కనక మహాలక్ష్మి అమ్మవారికి గర్భాలయ గోపురం లేదు. ఆరుబయట వెలసిన అమ్మవారికి భక్తులు స్వయంగా పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసంలో, ముఖ్యంగా గురువారాలలో, రద్దీ అధికంగా ఉంటుంది. రేవు ముఖద్వారం సమీపంలోని కొండలపై దేవాలయం, దర్గా, చర్చి ఉండటం విశేషం.

సాగర తీరం

రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం ప్రధాన ఆకర్షణ. 1969లో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 1971 యుద్ధకాలంలో సేవలందించి 2001లో విరమణ పొందింది. 2002లో దీనిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. నౌకాదళ విశ్రాంత ఉద్యోగులే సందర్శకులకు విశేషాలు వివరిస్తారు. సోమవారం సెలవు. సమీపంలోనే 1971 యుద్ధ విజయ స్మారకం, 2017లో ప్రారంభమైన టి.యు.-142 విమాన ప్రదర్శనశాల ఉన్నాయి.

సమయం అనుకూలిస్తే సింహాచలం వెళ్లవచ్చు. అక్కడ శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో దర్శనమిస్తారు. నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే లభిస్తుంది. భీమునిపట్నం మార్గంలో తొట్లకొండ బౌద్ధారామ శిథిలాలు, భీమిలిలో డచ్చివారి సమాధులు కనిపిస్తాయి. సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని అరకు లోయకు ఒక్క పూటలో వెళ్లి రావడం శ్రేయస్కరం కాదు. దానికి వేరుగా రెండు రోజులు కేటాయించుకోవాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

విశాఖ తీరంలో అలలు ప్రశాంతంగా కనిపించినా లోపలి ప్రవాహాలు బలమైనవి. ఈ తీరంలో స్నానానికి దిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. హెచ్చరిక బోర్డులున్న చోట నీటిలోకి దిగరాదు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలో సైతం నిర్దేశించిన హద్దులు దాటరాదు. వేసవిలో ఎండ, ఉక్కపోత తీవ్రంగా ఉంటాయి కనుక గొడుగు, తాగునీరు వెంట ఉంచుకోవాలి. నౌక ఎవరి కోసమూ వేచి ఉండదు. బయలుదేరే వేళకు చాలా ముందుగానే రేవుకు చేరుకోవడం అవసరం.

స్థానికులకు ఉపాధి

విహార నౌకలో భోజనం, వసతి సమకూరుతాయి కనుక యాత్రికులు ఒడ్డున చేసే ఖర్చు ప్రధానంగా ప్రయాణానికి, జ్ఞాపికలకే పరిమితం. ఆటోవాలాలు, మార్గదర్శకులు, హస్తకళాకారులు దీనిపైనే ఆశలు పెట్టుకున్నారు. అంకుడు కర్రకు లక్క, సహజ రంగులు అద్ది తయారుచేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. యాత్రికుడు కొనే ఒక్క బొమ్మ కూడా ఆ కళాకారుని ఇంటికి ఆసరా అవుతుంది. సముచితమైన ధర, మర్యాదపూర్వకమైన పలకరింపు లభిస్తే ఒక్క పగలు గడిపి వెళ్లిన అతిథి మరల కుటుంబ సమేతంగా విశాఖకు వస్తాడనడంలో సందేహం లేదు.